డబుల్ బెడ్రూమ్ ఇంటికి ఏ సైజు డీబీ బాక్స్ తీసుకోవాలి?

సింగిల్ ఫేజ్, రెండు ఏసీలు, ఒక గీజర్, ఇన్వర్టర్ ఉన్న ఇంటికి 8 వే డీబీ (ఎంసీబీలు, అంటే ఓవర్‌లోడ్ అయితే వాటంతటవే ఆఫ్ అయ్యే స్విచ్చులు, బిగించే పెట్టె; ఒక్కో వే అంటే ఒక ఎంసీబీకి చోటు) సరిపోతుందా అన్నారు కదా, 12 వే తీసుకోండి. ఏసీలకి రెండు, గీజర్, కిచెన్, మోటార్ ఒక్కోటి, లైట్లకి రెండు, ప్లగ్గులకి రెండు వేసుకున్నా అప్పుడే 9 అయిపోయాయి, రేపు ఇంకో ఏసీ పెట్టాలంటే మళ్ళీ గోడ పగలగొట్టాలి.

మెయిన్ స్విచ్‌గా ఐసోలేటర్ ఒక్కటే పెట్టి వదిలేస్తారు చాలామంది, అది ఉట్టి స్విచ్చే, ఎవరికైనా షాక్ కొడితే పడిపోదు, అంటే దానంతటది ఆఫ్ అవ్వదు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై కట్ చేసే స్విచ్) కచ్చితంగా పెట్టించండి, గీజర్ బాడీకి కరెంట్ వస్తే ప్రాణం కాపాడేది అదే. ఓవర్‌లోడ్‌కి మాత్రం అది పడదు, దానికి ఎంసీబీలు ఉండాల్సిందే.

ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందని పీకేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. చాలా ఇళ్ళల్లో ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ ఏదో ఒక స్విచ్ బోర్డులో కలిసిపోయి ఉంటాయి, ఫేజ్‌లో వెళ్ళిన కరెంట్ అంతా దాని న్యూట్రల్‌లోనే తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనే అనుకుంటుంది. అలాంటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్స్ విడదీయిస్తే సరిపోతుంది.

ఎంసీబీ వైర్‌ని బట్టే ఉండాలి, 1.5 స్క్వేర్ ఎంఎంకి 10 ఆంప్స్, 2.5కి 16, ఏసీకి లాగిన 4కి 20 సీ కర్వ్ (ఏసీ ఆన్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంట్‌కి ఊరికే పడని రకం). మాటిమాటికీ పడుతోందని 32 పెడితే ఎంసీబీ పడేలోపు వైరే కాలిపోతుంది. అన్నీ ఐఎస్ఐ మార్క్ చూసే కొనండి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి, పడకపోతే వెంటనే మార్చేయండి.