కోట గోడ ఫొటోలో పాచి మరకల్ని రాయి నుంచి విడదీయడం ఎలా?

మీరు 3డి బొమ్మలకి అద్దే టెక్స్చర్ కోసం విజయనగరం కోట గోడని మే నెలలో ఫొటో తీశానన్నారు. ఫొటోషాప్ లాంటి దాంట్లో పాచి చారల మీద మ్యాజిక్ వాండ్ నొక్కితే సగం రాయి కూడా వచ్చేస్తోంది, టైల్ చేస్తే (అదే బొమ్మని పక్కపక్కన పరిస్తే) ఒకే మరక వరసగా కనబడిపోతోంది, అంతే కదా? ఈ రెండు దెబ్బలూ నేనూ తిన్నాను.

ముందు వాండ్‌ని పక్కన పడేయండి. మీరు నొక్కిన చోటి రంగుకి దగ్గరున్న పిక్సెళ్లని ఏరడం తప్ప దానికేం తెలీదు. టాలరెన్స్ (ఎంత తేడా వరకూ దగ్గరి రంగుగా లెక్కించాలో చెప్పే అంకె) పెంచితే రాయి వచ్చేస్తుంది, తగ్గిస్తే పాచికి చిల్లులు పడతాయి. మాస్క్‌ని, అంటే ఏది కనబడాలో ఏది దాగాలో చెప్పే నలుపు-తెలుపు బొమ్మని, ఫొటోలోంచే పిండుకోవాలి. బొమ్మకి ఒక కాపీ తీసి ల్యాబ్ (Lab) మోడ్‌లోకి మార్చండి (గింప్ సాఫ్ట్‌వేర్‌లో అయితే డీకంపోజ్). అది వెలుగునీ రంగునీ చానెళ్లనే వేర్వేరు పొరలుగా విడగొడుతుంది. అందులో వెలుగునీడలు ఎల్ (L) చానెల్లోకి పోతాయి, ఎరుపు-ఆకుపచ్చ తేడా 'ఏ' (a) చానెల్లో మిగులుతుంది. పచ్చ పాచి అక్కడ ముదురుగా, బూడిదరంగు రాయి మధ్యస్థంగా కనిపిస్తాయి. లెవెల్స్‌తో (నలుపు, తెలుపుల హద్దులు జరిపే పనిముట్టు) ఆ తేడాని సాగదీసి, ఇన్వర్ట్ చేసి (నలుపు-తెలుపు తారుమారు చేసి), లేయర్ మాస్క్‌లో అతికించండి. అంచుల్లో మిగిలే బూడిదరంగుని మాత్రం చెరపకండి. పాచి రాయిలోకి కలిసిపోయేది అలాగే, కత్తిరించినట్టు ఆగిపోదు. జేపెగ్ ఫొటో అయితే ఈ చానెల్ గళ్లుగళ్లుగా కనిపించొచ్చు, ఎందుకంటే జేపెగ్ రంగుల వివరాన్ని బాగా కుదించేస్తుంది. ఒకటి రెండు పిక్సెళ్ల బ్లర్ ఇస్తే సర్దుకుంటుంది, రా (RAW, కెమెరా నేరుగా దాచే ముడి ఫైలు) ఫార్మాట్‌లో తీస్తే ఆ గొడవే ఉండదు.

ఇక మీ అసలు చిక్కు మే నెలది. వానల్లో పచ్చగా ఉన్న పాచి ఎండలకి మాడి నల్లబడిపోతుంది. నలుపుకి ఆ 'ఏ' (a) చానెల్లో ఆనవాలుండదు. ఎల్ చానెల్‌తోనే పట్టాలి, అందులో రాళ్ల మధ్య సందుల నీడలు కూడా నల్లగానే ఉంటాయి. వాటిని మాస్క్‌లో బ్రష్‌తో చేత్తోనే తుడవాలి, దగ్గరి దారి నాకింతవరకూ దొరకలేదు. ఎల్ వాడేముందు గోడ మీద వెలుగు సమం చేసుకోండి, లేకపోతే పైభాగానికి సరిపోయిన లెవెల్స్ కిందిభాగానికి సరిపోవు. అందుకు హైపాస్ ఫిల్టర్ (పెద్ద వెలుగు తేడాల్ని చదును చేసి చిన్న వివరాల్ని ఉంచేది) వాడితే దాని రేడియస్ మీ పెద్ద మరక కంటే పెద్దదిగా ఉండాలి. నేనొకసారి చిన్నది పెట్టి మరకల్నే మాయం చేసుకున్నాను!

టైల్ సంగతికొస్తే, బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పిడకలు కొట్టిన మట్టిగోడ ఒకటి తీశాను. "ఏటి నాయనా, పిడకలకి ఫొటోలేటి?" అని ఆవిడ ఒకటే నవ్వు. గోడదీ పిడకలదీ దాదాపు ఒకే రంగు, ఏ చానెలూ పనిచెయ్యలేదు. చివరికి పెన్ టూల్‌తో ఒక్కో పిడకా చుట్టూ గీసుకున్నాను, రెండు రాత్రులు పట్టింది. తీరా టైల్ చేస్తే ఒక పిడక మీద చిటికెన వేలు జారిన గాటు, ఆ గాటే నాలుగు చోట్ల కనిపించింది. ఒకసారి చూశాక ఇంక గోడ కనబడదు, ఆ గాటే కనబడుతుంది. అప్పుడు పిడకలన్నీ మాస్కులతో సహా విడి లేయర్లలోకి తీసి, కింద గోడని హీల్ టూల్‌తో (పక్క భాగాన్ని చూసి ఖాళీని నింపేది) పూడ్చి, ఆ గోడని మాత్రమే టైల్ చేశాను. పిడకల్ని డెకాల్స్‌గా (పైన అతికించే విడి బొమ్మలుగా) అక్కడక్కడా తిప్పి అతికించాను. మీరూ ఆఫ్‌సెట్ ఫిల్టర్‌తో బొమ్మని సగానికి జరిపి, దూరం నుంచి కళ్లు చికిలించి చూడండి. ముందుగా కంట పడిందేదో దాన్ని టైల్లోంచి తీసేయాల్సిందే. కోట గోడ మీద అది పాచి కాకపోవచ్చు, ఎవడో ఉమ్మిన కిళ్లీ మరక కావచ్చు.

ఆ పాచి మాస్క్‌ని పారేయకండి, రఫ్‌నెస్ మ్యాప్‌కి (3డి బొమ్మలో ఏ చోటు ఎంత మెరవాలో చెప్పే బొమ్మకి) అదే పనికొస్తుంది. ఎండిన పాచి మెరవదు, అరిగిన రాయి కొంచెం మెరుస్తుంది.

వీలైతే శ్రావణంలో, మబ్బు పట్టిన పూట, గోడ కాస్త ఆరాక మళ్లీ తీయండి. పాచి పచ్చగా ఉంటుంది, నీడలూ ఉండవు. మే నెల ఫొటోతో మూడు గంటలు కొట్టుకునే పని అరగంటలో తేలిపోతుంది.