ఆవులకూ గొర్రెలకూ కుక్కకూ ఏ డాక్టరు?

సందేహం: మాకు రెండు జెర్సీ ఆవులు, ఒక ఎనుము, నలభై గొర్రెలు, కాపలాకు ఒక కుక్క ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రి పగటిపూటే ఉంటుంది. టౌనులో కొత్తగా రెండు ప్రైవేటు పశువైద్యశాలలు పెట్టారు. ఊళ్లోకి బండి మీద వచ్చి సూదులు వేసే మనిషి కూడా ఉన్నాడు. ఎవరి దగ్గరికి పోవాలి?
– ఒక రైతు, మైదుకూరు మండలం, వైఎస్ఆర్ కడప జిల్లా

సలహా: జబ్బు రాకముందే అడిగారు, మంచిది. ఆవు పడిపోయాక వెతికితే ఎవరు దొరికితే వాళ్లే డాక్టరు.

ముందు చదువు సంగతి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చదివి, మండలిలో రిజిస్టరు అయినవాళ్లే పశువైద్యం చేయాలి. రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీద ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. బండి మీద వచ్చే మనిషి గోపాలమిత్ర అయితే ఎద సూదికి (కృత్రిమ గర్భధారణకు) పనికొస్తాడు. డిప్లొమా చదివిన సహాయకులైతే డాక్టరు అజమాయిషీలో చిన్నచిన్న పనులు చేయొచ్చు. అంతకుమించి వాళ్ల చేతికి ఆవును అప్పగించకండి.

బోర్డు కన్నా చేతి పని చూసి డాక్టరును ఎంచుకోండి. జెర్సీ ఆవుకు 105 డిగ్రీల జ్వరం, ఒంటి నిండా గోమార్లు ఉన్నాయనుకుందాం. తెలిసిన డాక్టరు ముందు థర్మామీటరు పెడతాడు, కనురెప్ప తిప్పి రంగు చూస్తాడు, జబ్బ ముందు బిళ్ల కట్టిందేమో తడుముతాడు, ఎడమ డొక్క మీద స్టెతస్కోపు పెట్టి పొట్ట కదలిక వింటాడు. తర్వాత చెవి కొసన రక్తపు చుక్క తీసి గాజు పలక మీద పూస్తాడు. అది థైలీరియా (గోమార్ల వల్ల వచ్చే రక్తపు జబ్బు) అయితే బుపార్వాక్వోన్ అనే మందు పడాలి. అదేమీ చూడకుండా ఒక యాంటీబయోటిక్, ఒక నొప్పి సూది వేస్తే ఆ పూటకు జ్వరం దిగి, మర్నాడు మళ్లీ ఎక్కుతుంది. ఈలోగా రక్తం విరిగిపోయి ఆవు తెల్లబోతుంది. ఖర్చు రెండింతలు, ఆవు దక్కేది అనుమానం.

రాత్రిపూట వచ్చేవాళ్లా కాదా అన్నది పాడి రైతుకు చాలా ముఖ్యం. ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఆవు చల్లబడి, మెడ పక్కకు తిప్పి కూలబడితే అది పాలజ్వరం. తెల్లారేదాకా ఆగదు. 450 మిల్లీలీటర్ల కాల్షియం సీసాను గోరువెచ్చగా చేసి, నరంలోకి నెమ్మదిగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించాలి. తొందరపడి పూర్తిగా వదిలితే గుండె ఆగిపోతుంది. ‘సూది వేస్తూండగానే చచ్చిపోయింది’ అనే మాటల్లో కొన్నింటి వెనుక ఉన్నది ఈ తొందరే. కాబట్టి రాత్రి ఫోను ఎత్తేది ఎవరు, స్వయంగా వస్తారా, కాంపౌండరును పంపుతారా, ఇంటికి వస్తే ఎంత తీసుకుంటారు – ఇవన్నీ ముందే అడగండి. మొహమాటం వద్దు.

ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు పాలు పోయకూడదు అన్నవి చీటీలో రాసివ్వాలి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడకుండా 2006లోనే నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఇప్పటికీ అవే రాస్తుంటే ఆ డాక్టరును వదిలేయండి, మెలోక్సికామ్ ఉంది. ఆవుకు బీమా ఉంటే చెవిపోగు మీది 12 అంకెల నంబరు చీటీలో రాయించుకోండి.

గొర్రెలకు క్లినిక్ కన్నా టీకాల లెక్క తెలిసిన మనిషి కావాలి. పీపీఆర్ (పారుడు రోగం), చిటుకు రోగం టీకాలకు ముందు ప్రభుత్వ ఆసుపత్రిలోనే అడగండి. గాలికుంటు టీకా అక్కడ ఉచితం. ప్రైవేటులో వేయిస్తే సీసా 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లోంచే వచ్చిందా, పీపీఆర్ టీకా కలిపాక ఐస్ మీద ఉంచి గంటా రెండు గంటల్లో వాడేశారా చూడండి. గొర్రె హఠాత్తుగా చస్తే అదే రోజు వచ్చి కోసి కారణం చెప్పే డాక్టరు దొరకడం మీ మందకు అదృష్టం. అయితే ముక్కులోంచో వెనకనుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. అలాంటి కళేబరాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు. ఆసుపత్రికి కబురు పంపండి.

కుక్క సంగతి వేరు. తూకం యంత్రం మీద నిలబెట్టి బరువు చూశాకే మందు ఇచ్చే చోటికి తీసుకెళ్లండి. టీకా సీసా మీది స్టిక్కరు కార్డులో అంటించాలి, ఒట్టి సంతకం చాలదు. పశువుల గోమార్ల మందును కొలత లేకుండా కుక్క మీద చల్లకండి. ఇంట్లో పిల్లి ఉంటే ఆ మందు దాని దరిదాపుల్లోకి రానీయకండి. మనుషుల పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే. పిచ్చికుక్క ఆవును కరిస్తే గాయాన్ని పావుగంట సబ్బునీళ్లతో కడిగి, 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేయించాలి.

‘ఇది నా వల్ల కాదు, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకుపొండి’ అని చెప్పగలిగే డాక్టరును చులకన చేయకండి. ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆ మాట ఎంత త్వరగా అంటే అంత మేలు. 1962కు ఫోను చేస్తే సంచార వైద్య వాహనం వస్తుంది, ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

ఆ రెండు క్లినిక్‌లలో ఏది మేలో తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయండి. ఐదారు గొర్రెల పెంటికలు విడివిడి పొట్లాల్లో, అప్పుడే వేసినవి, ఎండ తగలకుండా తీసుకెళ్లండి. సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏ పురుగు గుడ్లు ఉన్నాయో చెప్పి మందు రాసినవాళ్ల దగ్గరే ఖాతా మొదలుపెట్టండి.