స్టోర్‌రూమ్ తాళం ఇప్పుడే ఇవ్వకు

చిరంజీవి సౌజన్యకు,

అత్తయ్య దీవించి వ్రాయునది. మీ సహకార బ్యాంకులో పాత రికార్డంతా కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నీకు అప్పగించారని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి సంబరం అంతా ఇంతా కాదు. నాకూ గర్వంగానే ఉంది. అయితే చివర్లో, "ఉగాదిలోగా స్టోర్‌రూమ్ ఖాళీ చేసేస్తారట అక్కా" అన్నాడు. ఆ మాటతో నాకు టెన్షన్ పట్టుకుంది.

తెలిసినవి ముందు చెప్పేస్తా. స్కానింగ్ 300 డీపీఐకి (అంటే అంగుళానికి 300 చుక్కలు) తగ్గనివ్వకు. ఫైలు పేరు సంవత్సరంతో మొదలవ్వాలి. మూడు కాపీలుండాలి, ఒకటి వేరే ఊళ్ళో, ఒకటి ఏ నెట్‌వర్క్‌కీ తగిలించకుండా. 2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లే మొరాయించాయి, మీ బ్యాంకెంత!

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో ఒక మేనేజరు గారు ఉండేవారు, కొత్తదంటే మహా మోజు. తీర్మానాల పుస్తకాలన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంటుతో టైపు చేయించి సీడీల్లోకి ఎక్కించారు. చెదలు పట్టాయన్న వంకతో అసలు పుస్తకాలను తూకానికి వేయించారు. వద్దండీ అన్నవాళ్ళను పాతకాలం మనుషులన్నారు. ఏళ్ళు గడిచాక ఒక స్థలం తగాదా కోర్టుకెక్కింది. వకీలు గారు పాత తీర్మానం ఒకటి అడిగారు. సీడీ బానే తెరుచుకుంది, ఫైలూ ఉంది. పేజ్‌మేకర్ మాత్రం ఆఫీసులో ఏ కంప్యూటర్‌లోనూ లేదు. చివరికి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తెరిపిస్తే తెలుగుండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ, కొమ్ములూ, చుక్కలూ! ఆ ఫాంట్ల పద్ధతే అంత. ఫైల్లో ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరం నంబరు, దాని మీద మన 'క' బొమ్మ గీసి పెట్టారు. ఫాంటు పోతే 'క' కూడా పోయినట్టే. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు, 'క'కి 0సి15 అని సొంత నంబరుంది, ఏ ఫాంటు వేసినా అది 'క'యే.

ప్రెస్సువాళ్ళు ఏవో ఫాంట్లు మార్చి మార్చి వేసి ఎలాగో చదివించారు. అప్పుడు వకీలు గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "సంతకాలేవమ్మా?" అన్నారు. టైపు చేసిన దానికి సంతకాలెక్కడివి? అసలు తూకానికి పోయింది. చివరికి రాజీ పడి కొంత స్థలం వదులుకున్నారు. మేనేజరు గారు అప్పటికే రిటైరై హాయిగా ఉన్నారు. మాటలన్నీ పడింది ఆ టైపు చేసిన కుర్రాడు. వాడి ముఖం నాకిప్పటికీ గుర్తే. నా భయమంతా అందుకే, ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది నువ్వు.

ఐటీ చట్టం, 2000లో ఏడో సెక్షన్ తీసి చదువు. దాచిన రికార్డు తర్వాత చూడటానికి అందుబాటులో ఉండాలనీ, మొదట ఉన్నదాన్ని సరిగ్గా చూపాలనీ ఉంటుంది. 2024 జులై 1 నుంచి సాక్ష్యాలకు కొత్త చట్టం వచ్చింది కదా, దాని 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, కూడా రాయాలి. ఫైల్లో చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి స్కాన్ చేసిన రోజే దాన్ని రిజిస్టరులో ఎక్కించు. ఆ సర్టిఫికెట్‌లో నిపుణుడి సంతకం ఒకటైతే, కంప్యూటర్ చూసుకునేవాళ్ళది ఇంకొకటి. ఆ రెండోది నీదే అవుతుంది, తల్లీ.

స్కాన్‌లను పీడీఎఫ్/ఏ అనే, ఎక్కువకాలం దాచుకోడానికి చేసిన పీడీఎఫ్ రకంలో దాచు, అందులో ఫాంట్లు ఫైల్లోనే ఉండిపోతాయి. టైపు చేయిస్తే యూనికోడ్‌లోనే. ప్రతి కట్టలోంచి కొన్ని ఫైళ్ళు తీసి, నువ్వు కాదు, వేరే మనిషి, వేరే కంప్యూటర్‌లో తెరిచి అసలు కాగితంతో పోల్చి చదవాలి. ఏ కాగితం ఎన్నాళ్ళుంచాలో బోర్డు రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఒక్క కట్ట కూడా గడప దాటకూడదు. జీఎం గారు తొందరపెడితే, "రాసివ్వండి సార్" అను. గట్టిగా అను. చిన్నప్పుడు సెలవుల్లో మా రికార్డు రూముకొచ్చి, దస్త్రాల మూటల మీద కలరా ఉండల వాసనలో పడి నిద్రపోయేదానివి. లేపితే నాతోనే పోట్లాడేదానివి. ఆ నోరు ఇప్పుడు వాడు.

మీ స్టోర్‌రూమ్‌లో ఏ ఏడాది నుంచి ఏ రిజిస్టర్లున్నాయో లిస్టు రాసి నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం మోకాళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి వచ్చాక కూర్చుని చూస్తా.

మీ అత్తయ్య