వంట ఒక్కటే నేర్పితే చాలదమ్మా

ప్రశ్న: మా అబ్బాయికి జర్మనీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. సెప్టెంబరులో ప్రయాణం. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో పుస్తకాలు తప్ప ఏమీ ఎరగడు, బీటెక్ ఇంట్లో ఉండే చదివాడు. బ్యాంకు పనులన్నీ వాళ్ల నాన్నే చూస్తారు. అక్కడ ఒక్కడే ఎలా నెట్టుకొస్తాడోనని దిగులు. వంట నేర్పిస్తున్నాను. ఇంకేం నేర్పాలి? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వంట నేర్పండమ్మా, మంచిదే. కానీ జర్మనీ వెళ్లిన పిల్లలు మొదటి నెలలో నాకు ఫోన్ చేసి మొత్తుకునేది తిండి గురించి కాదు, ఇంటి దగ్గర ఉత్తరాలు వేసే పోస్టు డబ్బా గురించి.

అక్కడి అపార్ట్‌మెంట్లలో పోస్ట్‌మ్యాన్ చూసేది ఫ్లాట్ నంబరు కాదు, డబ్బా మీద పేరు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, దాని పిన్, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు చాలావరకు పోస్టులోనే వస్తాయి. మన ఇంటిపేర్లతో ఇంకో తిప్పలు. పాస్‌పోర్టులో సర్‌నేమ్‌గా ఏది ఉందో అదే డబ్బా మీద రాయాలి, ముద్దుపేరు కాదు.

ఇంట్లో దిగిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. ముందే ‘టెర్మిన్’, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాలి. పెద్ద ఊళ్లలో అది దొరకడానికే వారాలు పట్టొచ్చు. కొన్ని బ్యాంకులు ఆ నమోదు పత్రం లేనిదే ఖాతా తెరవవు. ఖాతా లేకపోతే మీరు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం ముందే ఖర్చుల సొమ్ము జమ చేసే ఖాతాలో, వేసిన డబ్బు నెలకు 992 యూరోల చొప్పున చేతికి రావడం ఆలస్యమవుతుంది. అందుకే రెండు నెలల ఖర్చు ఫారెక్స్ కార్డులో (ఇక్కడే యూరోలు నింపుకుని అక్కడ వాడుకునే కార్డు) విడిగా ఉంచండి.

ఇక్కడ మన కిరాణా కొట్టు బాబాయ్ ఆదివారం రాత్రి కూడా సగం షట్టర్ ఎత్తి పెరుగు ప్యాకెట్ ఇస్తాడు. అక్కడ ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి తప్ప. చెత్త కూడా రకానికో డబ్బాలో వేయాలి. పారేయబోయే చాలా నీళ్ల సీసాలను కొట్లో తిరిగిస్తే 25 సెంట్లు వెనక్కిస్తారని తెలిశాక పిల్లలు సీసాలు దాచడం మొదలుపెడతారు లెండి, అది వాళ్లే నేర్చుకుంటారు.

డబ్బు పోయేది కాంట్రాక్టుల దగ్గర. ఫోనుకైనా జిమ్‌కైనా రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టేస్తారు, మధ్యలో మానేయలేరు. మొదట ప్రీపెయిడ్ సిమ్ చాలు. టీవీ, రేడియో రుసుము కట్టమని ఇంటికి నెలకు 18.36 యూరోల చొప్పున ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేదు కదా, ఇదేదో మోసమని చించేస్తారు. అది నిజమైనదే. నలుగురు కలిసుంటే ఒకరు కడితే సరిపోతుంది.

కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా అని జర్మన్ వదిలేయనివ్వకండి. ప్రొఫెసరు ఇంగ్లిష్ మాట్లాడతాడు, మున్సిపల్ ఆఫీసు క్లర్కు మాట్లాడాలని లేదు. వెళ్లేలోపు కనీసం ఎ2 స్థాయి, అంటే రోజువారీ చిన్న చిన్న మాటలు మాట్లాడగలిగేంత జర్మన్, రానివ్వండి. విద్యార్థులకు ఏడాదిలో 140 పూర్తి రోజులు పని చేసుకునే వీలుంది. కానీ మొదటి రెండు నెలలు పార్ట్‌టైమ్ జోలికి వెళ్లొద్దనే నా సలహా. అరగంట పనికి అరపూట పోయే రోజులవి. పైగా ఈ టెర్మిన్‌లు, కాగితాలు, మర్యాదగా రాసే ఈమెయిళ్లు అలవాటైన పిల్లలే రేపు ఉద్యోగ దరఖాస్తుల్లో తడబడరు. నేను చూసింది ఇదే.

ఇప్పుడు వాళ్ల నాన్నగారిని కాస్త పక్కకు జరగమనండి. ఎడ్యుకేషన్ లోన్ ఫైలు, మీసేవ పనులు, ఇన్సూరెన్స్ కాగితాలు అబ్బాయి చేతికివ్వండి. జిరాక్స్ మరిచిపోయి బ్యాంకు నుంచి రెండుసార్లు తిరిగొచ్చినా, మూడోసారి కూడా వాడినే పంపండి.