తెర నల్లబడిన గ్రాఫిక్స్ కార్డు మళ్లీ పనిచేస్తుందా?

ప్రశ్న: ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఏఎండీ ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ కార్డు పాతది కొన్నాను. క్రిప్టోకరెన్సీ మైనింగ్‌లో వాడిన కార్డని అమ్మిన వ్యక్తే చెప్పారు. ఆటల్లో వేగం తక్కువగా ఉండడంతో కంపెనీ ఇచ్చిన అసలు బయాస్ (కార్డును నడిపించే లోపలి ప్రోగ్రామ్) మళ్లీ ఎక్కిద్దామని ఇంటర్నెట్‌లో ఒక ఆర్‌ఎక్స్ 580 ఫైలు తెచ్చాను. కార్డు ఐడీ సరిపోలడం లేదని ఫ్లాష్ ప్రోగ్రామ్ (బయాస్ ఎక్కించేది) ఆగిపోతే, ఒక వీడియోలో చెప్పినట్టు ఆ తనిఖీని దాటేసే ఫోర్స్ ఆదేశం పెట్టి ఎక్కించాను. ఇప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రావడం లేదు. పాత బయాస్ కాపీ లేదు. ప్రాసెసర్ ఐ5-8400. కార్డు అంచున చిన్న మీట ఒకటి ఉంది, దాన్నెప్పుడూ ముట్టుకోలేదు. డబ్బు పోయినట్టేనా?
— ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: ఆ మీట ఉందని రాశారు చూడండి, మీ ఉత్తరం మొత్తంలో నాకు సంతోషం కలిగించిన మాట అదే. అది రెండు బయాస్‌ల మధ్య మార్చే మీట. మైనింగ్ చేసినవారిలో చాలామంది ఒక వైపే మార్చి, రెండో వైపు కంపెనీ బయాస్‌ను అలాగే ఉంచుతారు. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, మీటను రెండో వైపు జరిపి ఆన్ చేయండి. తెర వెలగడానికి మంచి అవకాశం ఉంది.

వెలిగిన వెంటనే ఏదీ ఎక్కించకండి. ముందు కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ ప్రోగ్రామ్ తెరిచి ఆ బయాస్‌ను ఫైలుగా సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ పెట్టుకోండి. మెమరీ ఎవరిదో కూడా అందులోనే కనిపిస్తుంది: శాంసంగ్, హైనిక్స్, మైక్రాన్, ఎల్పిడా. ఆ వివరం రాసి పెట్టుకోండి. మెమరీని ఏ టైమింగులతో (ఎంత వ్యవధిలో స్పందించాలో చెప్పే లెక్కలతో) నడపాలో బయాస్‌లోనే ఉంటుంది. మీ మెమరీకి సరిపడే టైమింగులు లేని ఫైలు పడితే తెర నల్లబడుతుంది, లేదా చుక్కలూ గీతలూ వస్తాయి. పైగా ఆర్‌ఎక్స్ 580 పేరుతోనే 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు (కార్డులో లెక్కలు చేసే చిన్న భాగాలు) ఉన్న కార్డులూ, 2048 మాత్రమే ఉన్న కార్డులూ అమ్ముడయ్యాయి. పేరు ఒకటే కదా అని ఫైలు ఎంచుకుంటే సరిపోదు. ఐడీ కలవలేదని ప్రోగ్రామ్ ఆగింది మీ కార్డును కాపాడడానికే. ఆ కాపలాను తోసేయమని కొత్తవాళ్లకు వీడియోల్లో నేర్పేవారి మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇక పాడైన వైపు సంగతి. బయాస్‌ను కార్డు ఆన్ అయ్యేటప్పుడే చదువుకుంటుంది. కాబట్టి మంచి వైపుతో విండోస్ పూర్తిగా తెరుచుకున్నాక, కంప్యూటర్ నడుస్తుండగానే మీటను పాడైన వైపుకు జరపవచ్చు. అప్పుడు ఏఎండీ కార్డులకు బయాస్ ఎక్కించే ఏఎండీవీబీఫ్లాష్ ప్రోగ్రామ్‌తో ముందు అక్కడున్నది కూడా సేవ్ చేసి, ఆ తర్వాత మీరు దాచుకున్న మంచి ఫైలును ఎక్కించండి. అది ఇదే కార్డు ఫైలు గనుక ఫోర్స్ అవసరం రాకూడదు; మళ్లీ ఐడీ గొడవ వస్తే ఆగి, కార్డు వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు నాకు రాయండి. పని నిమిషం లోపే అయిపోతుంది, కానీ ఆ నిమిషంలో కరెంటు పోకూడదు. యూపీఎస్ లేకపోతే ఒక పూట అరువు తెచ్చుకోండి.

మీట మార్చినా తెర రాలేదనుకోండి. మీ ఐ5-8400లో సొంత గ్రాఫిక్స్ ఉంది. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు తగిలించి, మదర్‌బోర్డు సెటప్‌లో మొదటి డిస్‌ప్లేగా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను ఎంచుకోండి. కార్డు స్లాటులోనే ఉండాలి. ఫ్లాష్ ప్రోగ్రామ్‌కు కార్డు కనిపిస్తే చాలు, మీ కార్డు మోడల్‌కూ మెమరీకీ సరిపడే ఫైలు ఎక్కించవచ్చు.

అదీ కాకపోతే చిప్ లెవెల్ రిపేరు చేసే ల్యాప్‌టాప్ దుకాణానికి తీసుకెళ్లండి. బయాస్ ఉండేది ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో. దానికి క్లిప్పు పెట్టి, సీహెచ్341ఏ ప్రోగ్రామర్ అనే చిన్న పరికరంతో బయాస్‌ను నేరుగా రాస్తారు. మీ కార్డులో చిప్ 3.3 వోల్టులదే అయి ఉండాలి, అయినా దాని మీది నంబరు చూసి నిర్ధారించుకోమనండి; చాలా కొత్త కార్డుల్లో 1.8 వోల్టులవి ఉంటాయి, వాటికి 3.3 ఇస్తే కాలిపోతాయి. నల్ల రంగు బోర్డుతో వచ్చే ఆ ప్రోగ్రామర్లలో చాలావాటికి డేటా తీగల మీద 5 వోల్టులు వస్తాయి, అది సరిచేసిన బోర్డేనా అని అడగండి. చిప్‌ను రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకేలా ఉంటేనే రాయమనండి. అడగడానికి మొహమాటపడకండి, కార్డు మీది.

ప్రశ్న: 2020 చివర్లో ఆర్‌టీఎక్స్ 3070 కొన్నాను. రీసైజబుల్ బార్ కోసం బయాస్ అప్‌డేట్ చేయాలా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రీసైజబుల్ బార్ అంటే ప్రాసెసర్ గ్రాఫిక్స్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. రీసైజబుల్ బార్ ఎదుట ‘యస్’ ఉంటే ఏమీ చేయక్కర్లేదు. ‘నో’ ఉంటే 2021 మార్చి తర్వాత వచ్చిన బయాస్ కావాలి. మీ కార్డు తయారీదారు ఇచ్చే అప్‌డేట్ ప్రోగ్రామ్ తప్ప మరొకటి వాడకండి. అయితే మదర్‌బోర్డూ ప్రాసెసరూ కూడా దాన్ని అందుకోగలగాలి, ఎన్‌విడియా ఎంపిక చేసిన ఆటల్లోనే అది పనిచేస్తుంది. అప్‌డేట్ తర్వాతా ‘నో’ అనే ఉంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేసి, సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే సదుపాయం) ఆఫ్ చేసి చూడండి. విండోస్ ఉన్న డిస్కు పాత ఎంబీఆర్ విభజన పద్ధతిలో ఉంటే మాత్రం సీఎస్ఎం ఆపగానే కంప్యూటర్ బూట్ కాదు, ముందే ఆ డిస్కును కొత్త జీపీటీ పద్ధతికి మార్చుకోండి.