నాలుగో నెలలో ఆరు వారాల విశ్రాంతి: ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాస్టారూ, మాది రాజాం దగ్గర పల్లె. మా అమ్మాయి ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివింది. రెండేళ్లుగా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్టుగా చేస్తోంది. జీతం పందొమ్మిది వేలు. కాపురం శ్రీకాకుళంలో, కంపెనీ బస్సులో వెళ్లి వస్తుంది. ఇప్పుడు నాలుగో నెల. మాయ కిందికి ఉంది, రెండుసార్లు రక్తస్రావం అయింది. డాక్టరమ్మ ఆరు వారాలు పూర్తి విశ్రాంతి అన్నారు. ల్యాబ్ పై అధికారి మాత్రం "అన్నాళ్లు సెలవంటే కష్టం, రాజీనామా ఇచ్చేస్తే కాన్పయ్యాక మళ్లీ చూద్దాం" అన్నారట. మా వియ్యపురాలు కూడా మానేయమనే అంటున్నారు. సెలవు పెడితే చెడ్డపేరు వస్తుందా? ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా, ఈలోగా బి.ఎడ్.కో డీఎస్సీకో చదివించమంటారా?

జవాబు: అమ్మా, అమ్మాయి చేత ఇప్పుడు రాజీనామా రాయించకండి. విశ్రాంతి మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే, ఒక్క రోజు కూడా తగ్గించకుండా తీసుకోనివ్వండి. ఉద్యోగంలో కొనసాగాలా వద్దా అన్నది వేరే సంగతి. అది బిడ్డ పుట్టి, తల్లి కోలుకున్నాక ఆమే తేల్చుకోవచ్చు. ఆ పై అధికారి రెండింటినీ ముడిపెట్టి మాట్లాడారు, మీ ఇంట్లోనూ రెండూ కలిసిపోయాయి.

"కాన్పయ్యాక చూద్దాం" అన్న మాట కాగితం మీద లేదు. ఏడాది తర్వాత ఆ కుర్చీలో ఆయనే ఉంటారని కూడా చెప్పలేం. రాజీనామా పత్రం మాత్రం ఫైల్లో ఉంటుంది, అదీ "స్వంత కారణాల వల్ల" అని మీ అమ్మాయి సంతకంతో.

ఇక డబ్బు సంగతి. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, వర్తించే జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. మీ అమ్మాయి ఆ లోపలే ఉంది. పే స్లిప్ తీసి చూడండి, ఈఎస్‌ఐ పేరుతో 0.75 శాతం, అంటే నెలకు నూట నలభై రూపాయల చిల్లర కోసి ఉండాలి. యాజమాన్యం తన వంతుగా మరో 3.25 శాతం కడుతుంది. ఆ కోత దేనికని మన వాళ్లు అడగరు, జ్వరం వచ్చినా ప్రైవేటు ఆసుపత్రికే పోతారు. ఇప్పుడు దాని అవసరం వచ్చింది.

ప్రసూతి ప్రయోజనం కింద 26 వారాలు పూర్తి వేతనం వస్తుంది. అందులో కాన్పు తేదీకి ముందు వాడుకోగలిగేది 8 వారాలే. కాబట్టి నాలుగో నెలలో ప్రసూతి సెలవు మొదలు కాదు. "ఈ ఆరు వారాలు ఆ 26లోంచి తగ్గిస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గర్భం వల్ల వచ్చే అనారోగ్యానికి, వైద్యుల సలహా మీద, ఆ 26 వారాలకు అదనంగా ఒక నెల దాకా పూర్తి వేతనంతో ఇచ్చే వీలు విడిగా ఉంది. మామూలు అనారోగ్య ప్రయోజనం మరొకటి. దాని కింద వేతనంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. సాధారణంగా మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. అనారోగ్య ప్రయోజనానికి సంబంధిత ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు, ప్రసూతి ప్రయోజనానికి అంతకు ముందరి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులకు చందా కట్టి ఉండాలి. రెండేళ్లుగా మానకుండా వెళుతున్న మనిషికి ఈ లెక్కలు అడ్డం రావు.

ఈ డబ్బు కంపెనీ ఇచ్చేది కాదు, ఈఎస్‌ఐ కార్పొరేషన్ ఇచ్చేది. కంపెనీకి వచ్చే ఇబ్బందల్లా ల్యాబ్‌లో ఒక మనిషి తగ్గడమే. అది నిజమైన ఇబ్బందే, కాదనను. ఆడిట్ల రోజుల్లో ఆ పై అధికారి మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించగలను. కానీ ఆరు వారాలకు మనిషిని సర్దుకోవడం ఆయన పని, మీ అమ్మాయిది కాదు.

సర్టిఫికెట్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. మన ఊళ్లలో కొన్ని నెలలు గడిచేదాకా గర్భం సంగతి బయటికి చెప్పకూడదన్న పట్టింపు ఉంది. దాంతో డాక్టరును బతిమాలి "టైఫాయిడ్" అనో "నీరసం" అనో రాయించుకుంటారు. అలా చేయకండి. చట్టం ఇచ్చే రక్షణ అంతా "గర్భం వల్ల కలిగిన అనారోగ్యం" అన్న మాట మీదే నిలబడుతుంది. కాగితంలో ఎన్నో వారం గర్భమో, సమస్య ఏమిటో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా విశ్రాంతో, కాన్పు తేదీ ఎప్పుడని అంచనానో అన్నీ ఉండాలి. ఆమె చూపించుకుంటున్నది ప్రైవేటు డాక్టరుకైతే ఆ కాగితాలు, స్కాన్ రిపోర్టు పట్టుకుని ఆమెకు కేటాయించిన ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడి వైద్యాధికారిని సంప్రదించాలి. ముందుగా అల్లుడుగారు వెళ్లి, కదలలేని రోగి విషయంలో ఏం చేయాలో అడిగి రావడం మంచిది. ఇలాంటి స్థితిలో ఆమెను ఊరికే తిప్పకండి.

సెలవు అడగడం ఫోనులో కాదు, మెయిల్లో. హెచ్ఆర్ విభాగానికి రాసి, పై అధికారికి నకలు పంపాలి. "నేను గర్భవతిని. గర్భ సంబంధమైన అనారోగ్యం వల్ల ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పూర్తి విశ్రాంతి అవసరమని వైద్యులు ధ్రువీకరించారు. సర్టిఫికెట్ జతపరుస్తున్నాను. సెలవు మంజూరు చేయగలరు." ఇంతే. క్షమాపణలు, ఇంటి కష్టాలు అందులో రాయనక్కరలేదు. ఆరు వారాలు ముగిసేలోగా డాక్టరమ్మ ఇంకా పొడిగిస్తే, పాత సెలవు తీరకముందే రెండో మెయిల్ వెళ్లాలి. చాలా కర్మాగారాల స్థాయీ ఉత్తర్వుల్లో, అంటే ఉద్యోగ నియమాల్లో, సెలవు గడువు దాటి కొన్ని రోజులు చెప్పకుండా రాకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే లెక్క. అనారోగ్యంతో మంచం మీద ఉన్న మనిషికి ఈ తేదీ గుర్తుండదు, అల్లుడుగారు క్యాలెండర్లో రాసి పెట్టుకోవాలి.

తీసేస్తారేమో అన్న భయం ఉంటే, చట్టం ఇచ్చే రక్షణ సంగతి తెలుసుకోండి. ప్రసూతి సెలవులోను, గర్భం వల్ల వచ్చిన అనారోగ్యమని ధ్రువీకరించిన సెలవులో ఉన్నప్పుడు కూడా యజమాని ఉద్యోగం నుంచి తొలగించడం చెల్లదు. దీన్ని మొదటి మెయిల్లోనే ఎత్తి చూపకండి, మళ్లీ అదే ల్యాబ్‌లో పనిచేయాలి కదా. "రాజీనామా ఇవ్వండి" అని రెండోసారి అంటే మాత్రం, "ఆ మాట రాతపూర్వకంగా పంపండి" అని మర్యాదగా అడగమనండి. అలా అడిగాక చాలామంది వెనక్కి తగ్గుతారు.

జీతం పరిమితి దాటి ఈఎస్‌ఐ లేని వాళ్లకు కూడా 26 వారాలు, అదనపు నెల, తొలగింపు నుంచి రక్షణ ఉన్నాయి. కాన్పు అంచనా తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఇవి 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేవి, 2025 నవంబరులో దాని స్థానంలో అమలుకు వచ్చిన సామాజిక భద్రతా కోడ్ 2020లోనూ ఇవే నిబంధనలు. అక్కడ డబ్బు ఇవ్వవలసింది యజమానే కనుక పేచీ కాస్త ఎక్కువ.

చెడ్డపేరు అన్నారు. రేపు అచ్యుతాపురంలోనో పరవాడలోనో ఇంటర్వ్యూకు వెళితే అడిగేది ఆమె హెచ్‌పీఎల్‌సీ (మందుల నమూనాలను పరీక్షించే యంత్రం) మీద ఎన్నేళ్లు చేసింది, రికార్డులు ఎలా రాస్తుంది అనే. సెలవులో ఉన్నా సర్వీసు కొనసాగుతుంది, అనుభవ పత్రంలో ఆ కాలం ఖాళీగా కనిపించదు. రాజీనామా చేసిన రోజు నుంచి మాత్రం ఖాళీ మొదలవుతుంది. రెండేళ్ల అనుభవంతో, చంటిబిడ్డతో, కొత్త చోట మొదటి నుంచి మొదలుపెట్టడం ఎంత కష్టమో మీ వియ్యపురాలికి చెప్పండి. ఆవిడ మాటలో కోడలి మీద బెంగే ఉంది. "మాన్పించడం లేదు, సెలవు పెట్టిస్తున్నాం, డబ్బు కూడా వస్తుంది" అంటే బహుశా వారూ సరేనంటారు.

తిరిగి చేరాక ఒక జాగ్రత్త. ల్యాబ్‌లో వాడే కొన్ని ద్రావకాలు, ముఖ్యంగా డైమిథైల్ ఫార్మమైడ్ వంటివి, గర్భస్థ శిశువుకు హాని చేసేవిగా గుర్తించినవి. తాను రోజూ ఏ రసాయనాలు ముట్టుకుంటుందో ఆమె చీటీ మీద రాసి డాక్టరమ్మకు చూపాలి. కాన్పుదాకా డాక్యుమెంటేషన్ పనికి మార్చమని వారి సలహా జతపరిచి అడగవచ్చు. ఆ విభాగంలో కొన్ని నెలలు చేయడం ముందు ముందు మేలే చేస్తుంది.

ఇక మీ చివరి ప్రశ్న. కోప్పడకండి గానీ, పడుకోబెట్టి చేతికి డీఎస్సీ పుస్తకం ఇవ్వడం విశ్రాంతి కాదు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చాక ప్రతి తల్లికీ ఇదే ఆలోచన వస్తోంది. కానీ బి.ఎడ్. అంటే రెండేళ్ల చదువు, హాజరు, బడిలో బోధనా శిక్షణ. మంచం మీద అయ్యేది కాదు. ఆమెకే బోధన మీద మనసుంటే, జూనియర్ లెక్చరర్ పోస్టుకు బి.ఎడ్. అక్కరలేదు, ఎం.ఎస్సీ. సరిపోతుంది. దాని సంగతి బిడ్డకు ఏడాది నిండాక మాట్లాడుకుందాం, అదీ ఆమె అడిగితే.

ఈ వారంలో మెయిల్ వెళ్లాలి. పే స్లిప్‌లో కంపెనీ పేరు కాకుండా ఎవరైనా కాంట్రాక్టరు పేరు ఉంటే వెంటనే నాకు రాయండి. అప్పుడు సెలవు పత్రం ఇద్దరికీ పంపాలి, ఈఎస్‌ఐ చందా నిజంగా జమ అవుతోందో లేదో కూడా ముందే చూసుకోవాలి.