యాప్‌లో నోట్సు పోతే కంపెనీ బాధ్యత ఏమీ ఉండదా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఇంటర్ పిల్లలకు ఇంటి దగ్గరే ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. 2017 నుంచి నా పాఠాలు, లెక్కల సాధనలు, ఏ విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడన్న వివరాలు అన్నీ ఒక విదేశీ కంపెనీ వారి నోట్సు యాప్‌లోనే రాసుకుంటున్నాను. మొదట ఉచితంగా వాడాను. 2021 నుంచి ఏడాదికి 1,500 రూపాయలు కడుతున్నాను. ఈమధ్య యాప్ తీరు పూర్తిగా మారిపోయింది. తెరిస్తే చాలు, పెద్ద ప్లాను తీసుకోమని ఒకటే పోరు. ల్యాప్‌టాప్‌లో రాసినది ఫోనులో కనిపించదు. ఒకరోజు సింక్ (అన్ని పరికరాల్లో నోట్సు ఒకేలా సరిచేసుకోవడం) అయ్యాక రెండు నోట్‌బుక్కుల్లో కొత్తగా రాసినదంతా పోయి పాత పాఠం వచ్చింది. ఫిర్యాదు చేస్తే యంత్రం పంపే జవాబులే తప్ప మనిషి పలకడు. ఇంతలో నా కార్డు నుంచి ఒక్కసారిగా 4,200 రూపాయలు తీసుకున్నారు. నోట్సును ఫైలుగా బయటికి తీస్తే (ఎక్స్‌పోర్ట్ చేస్తే) తెలుగు అక్షరాల చోట గళ్లు వస్తున్నాయి. వాళ్ల నిబంధనల్లో వివాదాలేవైనా అమెరికాలోనే ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తి ముందు) తేల్చుకోవాలని, తమ బాధ్యత కట్టిన సొమ్ముకు మించదని ఉంది. నేను ఏమైనా చేయగలనా? ఖాతా మూసేసి వదిలేయడమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: చేయగలరమ్మా. అమెరికా వెళ్లనక్కర్లేదు, విశాఖపట్నంలోనే చేయవచ్చు. అయితే ఖాతా మాత్రం ఇప్పుడే మూయకండి. చట్టం మీ డబ్బు వెనక్కి ఇప్పించగలదు, పరిహారం ఇప్పించగలదు. చెరిగిపోయిన పాఠాన్ని మాత్రం ఏ వినియోగదారుల కమిషనూ తిరిగి రాసి ఇవ్వలేదు. కాబట్టి ముందు నోట్సు బయటికి తీసుకోండి, ఆ తర్వాత పోరాడండి. ఈ వరుస తప్పితే కేసు గెలిచినా మీకు మిగిలేది కాగితమే.

చాలా నోట్సు యాప్‌లు సర్వరులోనే కాక మీ ఫోనులోనూ ఒక ప్రతి ఉంచుతాయి. లాగ్ అవుట్ చేసినా, యాప్ తీసేసినా ఆ ప్రతి పోవచ్చు. మీ ఇంట్లో కొంతకాలంగా తెరవని పాత ఫోనో ట్యాబ్లెట్టో ఉంటే, ముందు దాని ఇంటర్నెట్ ఆపేసి, ఆ తర్వాతే యాప్ తెరవండి. నెట్ ఉండగా తెరిస్తే వెంటనే సింక్ అయి అక్కడ భద్రంగా ఉన్న పాఠం కూడా మారిపోయే ప్రమాదం ఉంది. అక్కడ పాఠం కనిపిస్తే పేజీ పేజీకీ ఫొటో తీసుకోండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో ట్రాష్, నోటు పాత వెర్షన్లు వెతకండి. నోటు వివరాల్లో కనిపించే 'చివరిసారి మార్చిన తేదీ, సమయం' స్క్రీన్‌షాట్ తీయడం మరవకండి. మీరు ముట్టుకోని రోజున నోటు మారిందని చూపించే ఆ ఒక్క వరుస రేపు కమిషన్ ముందు చాలా బలమైన సాక్ష్యం.

తెలుగు అక్షరాలు గళ్లుగా వచ్చినంత మాత్రాన పాఠం పోయిందని బెంగపడకండి. గళ్లు కనిపిస్తే సాధారణంగా అది తెలుగు ఫాంటు లేని సమస్య. తెలుగు ఫాంటు ఉన్న మరో కంప్యూటర్‌లోనో బ్రౌజర్‌లోనో ఆ ఫైలు తెరిచి చూడండి. అక్షరాల చోట ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం మార్పిడిలోనే పాఠం దెబ్బతిన్నదని అనుమానించాలి. అప్పుడు వేరే ఫార్మాట్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ పాడైన ఫైలును చెరిపేయకండి, అదీ సాక్ష్యమే.

ఇక చట్టం సంగతి. మీ నోట్సు మీవే. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రాసినవారే తొలి హక్కుదారు. కంపెనీకి ఉన్నది దాచి చూపించే అనుమతి మాత్రమే. కానీ 'నా నోట్సు చక్కగా మరో యాప్‌లోకి మార్చుకునే రూపంలో ఇవ్వండి' అని నిలదీసే ప్రత్యేక హక్కు మన దేశంలో లేదు. ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టంలో 20వ అధికరణం అటువంటి హక్కు ఇచ్చింది. మన దగ్గర 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులోనూ అది ఉండేది. 2023లో చట్టం చేసేటప్పుడు దాన్ని వదిలేశారు. ఇది సామాన్యుడికి జరిగిన నిజమైన నష్టమని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి రాసుకున్నదాన్ని పట్టుకుని కంపెనీ ధర పెంచుకుంటూ పోతుంటే, బయటికి వెళ్లే దారి చట్టమే చూపించి ఉండాల్సింది. ఆ దారి లేదు కాబట్టే మనం వినియోగదారుల చట్టాన్ని ఆశ్రయించాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆన్‌లైన్‌లో కొన్న సేవలకూ వర్తిస్తుంది. ఉచితంగా ఇచ్చే సేవ మాత్రం ఆ చట్టం కిందికి రాదు. మీరు 2021 నుంచి డబ్బు కడుతున్నారు, నష్టం కూడా ఆ తర్వాతే జరిగింది కనుక మీకు ఇబ్బంది లేదు. ఉచిత ప్లానులోనే ఉన్న పాఠకులు ఇదే కష్టంతో వస్తే ఇంత ధైర్యంగా చెప్పలేను.

అవతలి వకీలు మొదట వేసే ప్రశ్న వేరు: 'ఈమె ట్యూషన్లు చెప్పి సంపాదిస్తున్నారు, కాబట్టి ఇది వాణిజ్య అవసరం, ఈమె వినియోగదారు కాదు' అంటారు. ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారు కొన్న వస్తువులు వాణిజ్య అవసరం కిందికి రావని చట్టం స్పష్టంగా చెప్పింది. 1986 నాటి పాత చట్టంలో ఈ మినహాయింపు సేవలకూ ఉండేది. కొత్త చట్టంలోని వివరణలో 'వస్తువులు' అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆ సందు వాళ్లు వాడుకుంటారు. మీ జవాబు సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉంది. పెద్ద ఎత్తున లాభం కోసం చేసేదే వాణిజ్య అవసరమని, ఒక్కరి స్వయం ఉపాధి అలాంటిది కాదని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో కోర్టు వివరించింది. 2019లో లీలావతి ట్రస్టు కేసులో కొనుగోలు వెనుక ప్రధాన ఉద్దేశం ఏమిటన్నది చూడాలని చెప్పింది. ఆస్పత్రి నర్సుల వసతికి ట్రస్టు కొన్న ఫ్లాట్ల విషయంలో ఆ ట్రస్టును వినియోగదారుగానే పరిగణించింది. మీరు ఒక్కరే పాఠం చెబుతున్నారని, మనుషులను పెట్టుకుని కోచింగ్ సెంటరు నడపడం లేదని ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయండి.

అమెరికా ఆర్బిట్రేషన్ షరతు చూసి భయపడవద్దు. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదీ నివసించే చోట లేదా పని చేసుకునే చోట జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు విదేశీ సంస్థ అయినా సరే, మన దేశంలోని వినియోగదారులకు క్రమపద్ధతిలో సేవలు అమ్ముతుంటే వర్తిస్తాయి. రూపాయల్లో ధర చూపించి, రూపాయల్లో వసూలు చేసిన మీ రసీదే అందుకు నిదర్శనం.

'కట్టిన సొమ్ముకు మించి బాధ్యత లేదు' అన్న షరతు సంగతి వేరు. అలాంటి షరతును అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించి కొట్టేసే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు ఉంది. మీ కేసులో అంత దూరం వెళ్లమని నేను చెప్పను. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండు ఆధారాల మీద విశాఖపట్నం జిల్లా కమిషన్‌లోనే వేయండి.

4,200 రూపాయల విషయంలో ముందుగా బ్యాంకును పట్టుకోండి. కార్డు నుంచి దానంతటదే సొమ్ము పోయే ఏర్పాటుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలు ఉండాలి. మీరు మొదట 1,500 రూపాయలకే స్థిరంగా అనుమతి ఇచ్చి ఉంటే, మీ కొత్త ధ్రువీకరణ లేకుండా ఎక్కువ మొత్తం తీయకూడదు. ఒక గరిష్ఠ పరిమితికి ఒప్పుకుని ఉంటే మాత్రం వాదన బలహీనపడుతుంది. అందుకే ఆ అనుమతి వివరాలు బ్యాంకు నుంచి తెప్పించుకోండి. లిఖితపూర్వక ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో పరిష్కారం చూపకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. యాప్ స్టోరు ద్వారా కట్టి ఉంటే అక్కడా రీఫండ్ అడగండి. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదన్న సంగతి చాలామందికి తెలియదు.

యాప్ తెరిచినప్పుడల్లా పెద్ద ప్లాను కోసం వేధించడం, చందా రద్దు చేసుకునే దారిని చిక్కుముడిగా మార్చడం కూడా ఊరుకునే విషయాలు కావు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపూరిత డిజైన్ పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. పదే పదే విసిగించడం, చందా ఉచ్చు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. తెర మీద అవి వచ్చిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

తర్వాత కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి ఈమెయిల్ పంపండి. ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్లు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కోపం, తిట్లు వద్దు. ఏ తేదీన ఏ నోట్‌బుక్కులో ఏమి పోయింది, ఏమి కావాలి అన్నది చాలు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించుకోండి. చాలా కంపెనీలు ఈ దశలోనే దిగివస్తాయి.

దిగిరాకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక అయిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. మీరు సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరానికి తావుండదు. నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. పరిహారం కోరేటప్పుడు లక్షలకు లక్షలు రాయకండి. పోయిన పాఠాలు మళ్లీ తయారు చేయడానికి పట్టిన సమయం, ఆ నెలల్లో రద్దయిన తరగతులు, కట్టిన చందా లెక్కగట్టి అడిగితే కమిషన్‌కు నమ్మకం కలుగుతుంది.

కంపెనీకి ఇక్కడ కార్యాలయం గానీ ఆస్తి గానీ లేకపోతే ఉత్తర్వు అమలు చేయించడం కష్టమని ముందే తెలుసుకోండి. రసీదు మీద సొమ్ము అందుకున్నట్లు భారతీయ సంస్థ పేరు ఉందేమో చూడండి. ఉంటే దాన్నీ ప్రతివాదిగా చేర్చండి. ఫిర్యాదుతోపాటే, కేసు తేలేవరకు మీ ఖాతాను, అందులోని నోట్సును తొలగించకూడదంటూ 38వ సెక్షన్ కింద తాత్కాలిక ఉత్తర్వు కోరుతూ మరో దరఖాస్తు పెట్టండి. నా లెక్కలో పరిహారం కన్నా ముందు మీకు కావాల్సింది ఆ ఉత్తర్వే.